పి.వి. ‘లోపలి మనిషి’: రాసినది, రాయకుండా వదిలినది

నల్లకుంట చదువరి

కిందటి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ‘లోపలి మనిషి’ పాత ప్రతి ఒకటి దొరికింది. పి.వి. నరసింహారావు గారు 1998లో ఇంగ్లీషులో వెలువరించిన ‘ది ఇన్‌సైడర్’ నవలకు కల్లూరి భాస్కరం గారు చేసిన అనువాదం ఇది. పదిహేనేళ్ల కిందట కథ కోసం ఒకసారి చదివాను. ఈసారి మాత్రం, ఒక మాజీ ప్రధాని తన గురించి తాను ఏం చెప్పుకోదలిచారో తెలుసుకుందామని చదివాను.

నాకు దొరికిన ప్రతిలో ఒక విశేషం ఉంది. ఇదివరకు దీన్ని చదివిన వారెవరో పాత్రల పేర్ల పక్కన పెన్సిల్‌తో అసలు నాయకుల పేర్లు రాసుకున్నారు. చౌదరి ఎవరు, మహేంద్రనాథ్ ఎవరు అని మొదట ఒక పేరు రాసి, వంద పేజీలు పోయాక దాన్ని కొట్టేసి ఇంకో పేరు రాసి, ఆ తరువాత దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. పుస్తకంలో ఉన్న అసలు చిక్కు ఆ పెన్సిల్ గీతల్లోనే నాకు కనిపించింది. అఫ్రోజాబాద్ అనే ఊహా రాష్ట్రం, ఆనంద్ అనే కథానాయకుడు అన్న ముసుగు వేసుకోవడం వల్ల పి.వి. గారు చాలా నిజాలు ధైర్యంగా చెప్పగలిగారు. టిక్కెట్ల పంపకాలు, ముఠాల పోరు, ఢిల్లీ నుంచి వచ్చే సైగల కోసం ముఖ్యమంత్రులు పడే ఎదురుచూపులు, ఇంత దగ్గరగా మన భాషలో మరొకరు చూపించిన గుర్తు నాకు లేదు. అయితే అదే ముసుగు వల్ల అందులోని ఏ ఒక్క మాటకూ ఆయన బాధ్యత వహించనవసరం లేకుండా పోయింది. ఇది ఎప్పుడు జరిగింది, మీరేం చేశారు అని అడిగితే, అది ఆనంద్ చేసిన పని అని చెప్పే వెసులుబాటు ఆయనకు మిగిలింది.

అంతకంటే పెద్ద బాధ ఇంకొకటి. నవల 1973 దాకా వచ్చి ఆగిపోతుంది. 1991 జూన్ 21 నుంచి 1996 మే 16 దాకా ఈ దేశాన్ని నడిపిన మనిషి, పదవి దిగాక ఎనిమిదేళ్లకు పైగా బతికి ఉండి, పదికి మించి భాషలు తెలిసి ఉండి, ‘వేయిపడగలు’ను హిందీలోకి తీసుకువెళ్లగలిగిన కలం చేతిలో ఉండి, ఆ ఐదేళ్ల గురించి ఒక్క అయోధ్య తప్ప మరేదీ పుస్తకంగా రాయలేదు. ఆ అయోధ్య పుస్తకాన్నయినా తన మరణానంతరమే వెలువరించాలని కోరుకున్నారు. అది 2006లో వచ్చింది. రాయడం చేతకాని నాయకుడు రాయకపోతే ఎవరం బాధపడం. ఈయన రాయగలిగి రాయలేదు. ఆయన మీద నా విమర్శ ప్రధానంగా ఇదే. మిగతా సభ్యులు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

మంథని మనవడు

చదువరి గారూ, మా నియోజకవర్గం ఆయనను 1957 నుంచి వరుసగా నాలుగుసార్లు శాసనసభకు పంపింది. అందుచేత నా మాటల్లో కొంత మమకారం ఉంటుంది, దాన్ని తీసివేసి చదవండి.

నవలలో భూమి గురించి రాసిన భాగాలకు నేను పెద్ద విలువ ఇస్తాను. 1972లో ముఖ్యమంత్రిగా ఆయన మొదట భూముల అమ్మకాలను నిలిపివేస్తూ చట్టం తెచ్చారు, ఆ వెంటనే సీలింగు బిల్లు తెచ్చారు. మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు అన్న పరిమితి ఆ చట్టంలోనిదే. తానే భూస్వామి కుటుంబం నుంచి వచ్చి, సాటి భూస్వాములతో నిండిన శాసనసభలో ఆ బిల్లును నెగ్గించుకోవడం చిన్న విషయం కాదు.

అయితే ఊళ్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. మా తాత ఒక దొర దగ్గర జీతగాడు. సీలింగు రోజుల్లో ఏవో కాగితాల మీద ఆయనతో వేలిముద్ర వేయించుకున్నారు. ఎందుకని అడిగే అలవాటు ఆయనకు లేదు. చాలా ఏళ్ల తరువాత మా నాన్న వేరే పని మీద తాలూకా కచేరీకి వెళ్లి పహాణీ (భూమి రికార్డు) నకలు తీయిస్తే, తాత పేరు మీద ఏడెకరాలు కనిపించాయట. ఆ ఏడెకరాల గట్టు మీద తాత జీతగాడిగా నడిచాడే తప్ప, పట్టాదారుగా ఒక్క రోజు కూడా నిలబడలేదు. ఊళ్లలో మిగులు భూమి కాగితం మీద ఇలా కరిగిపోతుందని పి.వి. గారికి తెలియక కాదు. నవల చదివితే ఆయనకు అంతా తెలుసని అర్థమవుతుంది. అంత తెలిసిన మనిషి, తరువాత ఢిల్లీలో ఇరవయ్యేళ్లకు పైగా పదవుల్లో ఉండి, మళ్లీ ఆ పని వైపు ఎందుకు తిరిగి చూడలేదన్న ప్రశ్నకు ఆయన జవాబు ఎక్కడా నాకు దొరకలేదు. 1973లో ముఖ్యమంత్రి పదవి పోయిన దెబ్బతో ఆయన పాఠం నేర్చుకున్నారనీ, ఆ పాఠం ‘తొందరపడకు’ అన్నదనీ నా అభిప్రాయం. ఆయన తరువాతి రాజకీయమంతా ఆ ఒక్క పాఠం మీదే నడిచింది.

కృష్ణా తీరం

నేను కూకట్‌పల్లిలో స్థిరపడి ముప్పయ్యేళ్లు దాటింది గానీ, మాది విజయవాడ దగ్గరి ఊరు. 1973 దెబ్బ గురించి మంథని మనవడు గారు అన్న మాటకు నా వైపు నుంచి కొంత చేర్చాలి.

1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. ముఖ్యమంత్రి ఆ తీర్పే అంతిమమన్నట్టు మాట్లాడటంతో కోస్తా జిల్లాల్లో జై ఆంధ్ర ఉద్యమం అంటుకుంది. మా నాన్నగారు అప్పుడు కాలేజీలో ఉన్నారు. ఆయనకు ఒక విద్యా సంవత్సరం పూర్తిగా పోయింది. సీలింగు చట్టానికి భయపడిన భూస్వాములే ఆ ఉద్యమాన్ని వెనక ఉండి నడిపించారన్న మాట పి.వి. అభిమానుల నోట తరచు వింటాం. అందులో నిజం ఉంది, కాదనను. కానీ రాజధానిలో ఉద్యోగం వస్తుందో రాదో అని భయపడి రోడ్డెక్కిన గుమాస్తా కొడుకును కూడా భూస్వామి చేతి మనిషిగా లెక్కగడితే అది న్యాయం కాదు. పైగా, తెలంగాణ పిల్లవాడికి ముల్కీ ఎందుకు అవసరమో, ఆంధ్ర పిల్లవాడికి దాని వల్ల ఏం నష్టమో ఒకే సభలో నిలబడి ఇద్దరికీ అర్థమయ్యేటట్టు చెప్పగలిగిన వక్త ఆ రోజుల్లో ఉన్నారంటే అది ఆయనే. ఆయన ఆ పని చేయలేదు. జనవరిలో రాజీనామా చేశారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ విషయంలో మౌనం ఎంత ఖరీదైనదో రెండు ప్రాంతాల వాళ్లం తరువాత నలభయ్యేళ్లు చూశాం.

కోఠీ పాత ఉద్యోగి

చర్చ అంతా 1973 చుట్టూనే తిరుగుతున్నది. 1991 గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఆ ఏడాది నేను కోఠీలో ఒక బ్యాంకులో విదేశీ మారకం బల్ల మీద పని చేస్తున్నాను.

బాలానగర్ నుంచి చిన్న కార్ఖానా యజమాని ఒకాయన వచ్చేవారు. ఆయనకు జర్మనీ నుంచి ఒక యంత్రం విడిభాగం రావాలి. దిగుమతి విలువ కంటే ఎక్కువ నగదు మార్జిన్‌గా ముందే కట్టమని మేము చెప్పవలసి వచ్చేది, రిజర్వు బ్యాంకు ఆదేశం అలా ఉండేది. ఆయన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని, రేపు వస్తానని వెళ్లేవారు. మళ్లీ వచ్చేవారు. దేశంలో విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే మిగిలిందని పత్రికల్లో చదివినప్పుడు నాకు ఆ సంచి గుర్తుకొచ్చేది.

జూలై 1న, మళ్లీ 3న రూపాయి విలువ తగ్గించారు. అదే నెలలో దాదాపు 47 టన్నుల బంగారం ఇంగ్లండుకు, జపానుకు కుదువ పెట్టారు. జూలై 24న లైసెన్సుల వ్యవస్థను చాలావరకు ఎత్తివేసిన పారిశ్రామిక విధానం పార్లమెంటు ముందుకు వచ్చింది. పరిశ్రమల శాఖ ఆ రోజు ప్రధాని దగ్గరే ఉంది. అయినా ఆ పత్రాన్ని సభలో పెట్టింది ఆయన కాదు, సహాయ మంత్రి. అదే రోజు మన్మోహన్ సింగ్ గారి బడ్జెట్ కూడా ఉండటంతో దేశం చూపంతా దాని మీదికి పోయింది. దీన్ని కొందరు చతురత అంటారు. మైనారిటీ ప్రభుత్వం నడిపే మనిషికి మరో దారి లేదని నేనూ ఒప్పుకుంటాను. ఆ ఏడాది నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో ఐదు లక్షల పైచిలుకు ఆధిక్యం ఇచ్చి పంపిన మన జనానికి మాత్రం, ఏం చేస్తున్నారో, ఎందుకు చేస్తున్నారో ఆయన నోటితో చెప్పి ఉండవలసింది. సంస్కరణల వల్ల ఎవరికి లాభం వస్తుంది, మా బాలానగర్ యజమాని లాంటివాడు పోటీలో నిలుస్తాడా, మూతపడిన ప్రభుత్వ కర్మాగారాల కార్మికులు ఎక్కడికి పోతారు అన్న చర్చను జనం మధ్యకు తేకుండానే పని జరిపించారు. ఆయన లెక్క సరైనదే. ఆ లెక్కను మాకు చూపించకుండా వెళ్లిపోయారన్నదే నా ఫిర్యాదు.

హుస్సేనీఆలం

ఇంతవరకూ అందరూ మర్యాదగా మాట్లాడారు, నేను కూడా అలాగే మాట్లాడే ప్రయత్నం చేస్తాను. 1992 డిసెంబరు 6, అయోధ్యలో బాబ్రీ మసీదు కూలిన ఆదివారం. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. మా అబ్బా రేడియోను చెవికి ఆనించుకుని మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా అలాగే కూర్చున్నారు. అమ్మీ అన్నం పెట్టి పిలిచినా లేవలేదు. ఆ తరువాత కర్ఫ్యూ. సడలించిన గంటలో పాల కోసం పరుగెత్తడం, ఎదురింటి తెలుగువాళ్ల పెద్దమ్మ మా కోసం రెండు ప్యాకెట్లు ఎక్కువ తీసుకుని గోడ మీది నుంచి అందించడం నాకు గుర్తు.

మా అబ్బాకు పి.వి. గారంటే గౌరవం ఉండేది. విద్యార్థిగా ఉండగా వందేమాతరం పాడి నిజాం కాలంలో బహిష్కరణకు గురైన మనిషి అని తెలిసి కూడా గౌరవమే, ఎందుకంటే ఆయన ఉర్దూ మాట్లాడితే మా ఇంటి పెద్దలు మాట్లాడినట్టు ఉండేది. ‘ఈయన మన షహర్ ఎరిగిన మనిషి’ అనేవారు. అందుకే ఆ రోజు అబ్బాకు తగిలిన దెబ్బలో సగం మసీదు కూలినందుకు, సగం కాపాడతాడనుకున్న మనిషి కాపాడనందుకు.

అయోధ్య పుస్తకం నేను కావాలని చదివాను. ఒక్క పేజీలోనైనా మా అబ్బాకు జవాబు ఉంటుందేమోనని చదివాను. అందులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఇచ్చిన హామీ ఉంది, గవర్నర్ నివేదిక ఉంది, రాష్ట్రపతి పాలన విధించే 356వ అధికరణం పరిమితులు ఉన్నాయి, అందరూ కలిసి ఒక్కరి మీదే నేరం మోపారన్న బాధ ఉంది. కేంద్ర బలగాలు నవంబరు నుంచే ఫైజాబాద్‌లో ఉన్నాయి. గుమ్మటాలు మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఒకటొకటిగా కూలాయి. ఆ గంటల్లో ఢిల్లీలో కూర్చున్న మనిషి మనసులో ఏం జరిగింది? ఆనంద్ మనసులోని ప్రతి కదలికనూ వందల పేజీలు రాసిన రచయిత, తన సొంత మనసు దగ్గరికి వచ్చేసరికి వకీలుగా మారిపోయారు. మసీదును మళ్లీ కట్టిస్తామని ఆ వెంటనే ప్రకటించారు. ఆ మాట ఏమైందో అందరికీ తెలుసు.

నిజాం కాలేజీ పూర్వ విద్యార్థిని

హుస్సేనీఆలం గారూ, మీరు వకీలు అన్నారు గనుక న్యాయశాస్త్రం చదివిన మనిషిగా ఆ వాదనను నేను పరిశీలిస్తాను. మీ బాధకు ఇది జవాబు అవుతుందని అనుకోవడం లేదు.

రాష్ట్రంలో రాజ్యాంగ యంత్రాంగం విఫలమయ్యాకే 356 వాడాలి, విఫలమవుతుందేమోనన్న అనుమానంతో వాడకూడదు అన్నది ఆయన ప్రధాన వాదన. సూత్రంగా అది మంచి వాదనే. రాష్ట్ర ప్రభుత్వాలను ఇష్టం వచ్చినట్టు రద్దు చేసిన చరిత్ర మనకు ఉంది, 1984లో ఎన్.టి. రామారావు గారి విషయంలో రాజ్‌భవన్ నుంచి ఏం జరిగిందో ఈ ఊరివాళ్లకు వేరే చెప్పాలా? గవర్నర్ రద్దు వద్దని రాశారన్నదీ నిజమే. ఆ గవర్నర్ బి. సత్యనారాయణ రెడ్డి గారు మన ప్రాంతం వారే. అయితే రాజ్యాంగంలో ఆ అధికరణం ‘గవర్నర్ నివేదిక అందినప్పుడు గానీ, మరో విధంగా గానీ’ అని స్పష్టంగా చెబుతుంది. ఆ ‘మరో విధంగా’ అన్న మాటను ఎంత ప్రేమతో చదివినా, కేంద్రం చేతులు పూర్తిగా కట్టేసి ఉన్నాయని చెప్పడం కుదరదు. డిసెంబరు 15న మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్‌ప్రదేశ్ ప్రభుత్వాలను ఆయన మంత్రివర్గమే రద్దు చేయించింది. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది, లౌకికత్వం రాజ్యాంగ మౌలిక స్వరూపంలో భాగమని చెప్పింది. అంటే డిసెంబరు 6 తరువాత ఆయన చేతులు విడివడ్డాయి. ముందు కూడా కొంత వదులుగానే ఉన్నాయన్నది నా అంచనా. వాడదలచుకోలేదు.

వారసత్వం గురించి మరో విషయం, ఇది ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. 1993 జూలైలో అవిశ్వాస తీర్మానం 251కి 265 ఓట్లతో వీగిపోయింది. డబ్బు తీసుకుని ఓటు వేసిన ఎంపీలను విచారించడానికి వీల్లేదని 1998లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఆయన పేరుతోనే న్యాయ గ్రంథాల్లో ఉంది. డబ్బు ఇచ్చారన్న అభియోగం మీద 2000లో ప్రత్యేక కోర్టు ఆయనను దోషిగా తేల్చింది, 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అని విడిచిపెట్టింది. కాబట్టి ఆయనను నేరస్థుడనడం తప్పు. కానీ ఆ రాత్రి ఆ ఓట్లు ఎలా వచ్చాయన్నది ఒక ప్రధాని తన ప్రజలకు చెప్పవలసిన కథ. 2024 ఫిబ్రవరి 9న భారతరత్న ప్రకటించారు. మార్చి 4న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1998 తీర్పును కొట్టివేసింది. మార్చి 30న రాష్ట్రపతి భవన్‌లో ఆ పురస్కారాన్ని కుటుంబానికి అందజేశారు. రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు మా కాలేజీ మిత్రుల్లో కూడా కొద్దిమందే.

సర్వేలు బడి

నేను ఆయన గురించి విమర్శ రాయలేను, క్షమించాలి. 1971లో ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన సర్వేలు గురుకులంలో చదువుకున్నాను. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటివాణ్ని నేను. తెల్లవారుజామున లేపి చన్నీళ్ల స్నానం చేయించి ప్రార్థనకు నిలబెట్టేవారు, రాత్రి దీపాలార్పే దాకా చదివించేవారు. కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు నవోదయ విద్యాలయాలు వచ్చాయి. ఈ సంగతి కూడా ఆయన లెక్కలో రాయండి, అంతే.

నల్లకుంట చదువరి

రాశాను, సర్వేలు బడి గారూ. నవల కంటే, అయోధ్య పుస్తకం కంటే ఆ బడి గొప్ప రచన అని ఎవరైనా అంటే నేను వాదించను.

నాకు మిగిలిన ప్రశ్న ఒకటుంది, అది 1984. ఇందిరా గాంధీ హత్య తరువాత సిక్కుల మీద దాడులు జరిగిన ఆ నవంబరులో ఆయన దేశ హోం మంత్రి. ఢిల్లీ పోలీసు హోం శాఖ కిందే ఉంటుంది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే ఆ నగరంలో 2,733 మంది సిక్కులు చనిపోయారు. ప్రధాని కార్యాలయం అధికారాన్ని తన చేతిలోకి తీసుకుందనీ, ఆయనను పక్కన పెట్టారనీ చెబుతారు. అదే నిజమైతే, తన శాఖను తన చేతిలోంచి లాక్కున్న ఆ రోజుల గురించి చెప్పగలిగినవాడు ఆయన ఒక్కరే. నవల 1973లో ఆగింది, రెండో పుస్తకం 1992 మీద ఉంది. ఆ రెండింటి మధ్య ఈ మూడు రోజులు పూర్తిగా జారిపోయాయి. తన పార్టీ మీద విధేయత వల్ల మౌనంగా ఉన్నారనుకుందాం. ఆ పార్టీ 2004 డిసెంబరులో ఆయన భౌతికకాయాన్ని తన కేంద్ర కార్యాలయం లోపలికి కూడా రానివ్వలేదు. మరుసటి రోజు హుస్సేన్‌సాగర్ ఒడ్డున మన ఊళ్లో దహనం జరిగింది. విధేయతకు దక్కింది అది.

ఆ తరువాత ఒక్కొక్కరూ ఆయనలో తమకు కావలసిన ముక్కను తీసుకున్నారు. ఒక ప్రభుత్వం శతజయంతి జరిపి నెక్లెస్ రోడ్డుకు ఆయన పేరు పెట్టింది, మరో ప్రభుత్వం భారతరత్న ఇచ్చింది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల వంతెనకు ఆయన పేరే ఉంది. మొన్న అత్తాపూర్‌లో ఒక మిత్రుని ఇంటికి వెళుతూ దారి అడిగితే, పి.వి. పిల్లర్ నంబరు చెప్పి అక్కడ ఎడమకు తిరగమన్నాడు ఒక కుర్రవాడు. పి.వి. అంటే ఎవరని అడిగాను. వంతెన పేరు అన్నాడు. ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. చెప్పవలసిన మనిషి చెప్పకపోతే, ఆ ఖాళీలో విగ్రహాలూ స్తంభాలే నిలబడతాయి.

మంథని మనవడు

నవలకు రెండో భాగం రాసి ఉంటే ఈ ప్రశ్నల్లో సగానికైనా జవాబు దొరికేదంటారా? నాకు నమ్మకం తక్కువ. మళ్లీ ఇంకో ఆనంద్, ఇంకో అఫ్రోజాబాద్ వచ్చేవి.

హుస్సేనీఆలం

అలా వచ్చినా నేను చదివేవాణ్ని. చదువరి గారూ, మీ ప్రతి ఒకసారి నాకు ఇస్తారా? అయోధ్య పుస్తకం చదివానే గానీ నవల చదవలేదు. చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గర ఏ సాయంత్రమైనా సరే, వచ్చి తీసుకుంటాను.

నల్లకుంట చదువరి

గురువారం ఐదున్నరకు గ్రంథాలయం గేటు దగ్గర ఉంటాను. పెన్సిల్ గీతలు అలాగే ఉంచాను. మీకు తోచిన పేర్లు కూడా పక్కన రాయండి.